పన్ను తగ్గింపులో పెళ్ళి బట్టలు – సూరత్ బజారులో ఒక లెక్క

2025 సెప్టెంబరు 4వ తేదీ గురువారం సాయంకాలం మా విభాగపు మిత్రులొకరు సతీసమేతంగా మా క్వార్టరుకు వచ్చారు. వారి చేతిలో పెళ్ళి బట్టల జాబితా ఉన్నది. వారి కుమార్తె వివాహం కార్తీక మాసంలో హనుమకొండలో నిశ్చయమైనది. ముందురోజు రాత్రి ఢిల్లీలో జి.ఎస్.టి. మండలి 56వ సమావేశం ముగిసింది. 12, 28 శాతం అంచెలను దాదాపుగా ఎత్తివేసి అనేక వస్తువులపై పన్ను తగ్గిస్తున్నామనీ, కొత్త రేట్లు సెప్టెంబరు 22 నుండి, అనగా శరన్నవరాత్రుల తొలిరోజు నుండి అమలులోకి వస్తాయనీ ప్రకటన వెలువడింది. "ఇంకేమున్నది సార్, 22 దాకా గుడ్డముక్క కూడా కొనబోము" అన్నారు మిత్రులు ఉత్సాహంగా. వారి శ్రీమతికి మాత్రం సందేహం తీరలేదు. "అన్నయ్యగారూ, మీరొకసారి లెక్క చూసి చెప్పండి" అన్నారామె.

లెక్క చూడమంటే ఇంజనీరుకు అంతకన్న ఏమి కావాలి? జాబితాను నాలుగు భాగాలుగా విడదీశాను. బంధువులకు పెట్టవలసిన పెట్టుబడి చీరలు 40, ఒక్కొక్కటి సుమారు రూ. 450/-. ఇంటి మగవారికి, పిల్లలకు రెడీమేడ్ చొక్కాలు, కుర్తాలు కలిపి 12, ఒక్కొక్కటి రూ. 1,500/-. ఆడపిల్లలకు కుట్టిన లెహంగాలు 4, ఒక్కొక్కటి రూ. 4,500/-. వరునికి షేర్వానీ ఒకటి, రూ. 9,000/-. ఇవన్నీ పన్ను కలపని ధరలు. పట్టుచీరలు హనుమకొండలోనే కొంటామన్నారు గనుక వాటిని ఈ లెక్కలో చేర్చలేదు.

రెడీమేడ్ దుస్తులపై 2017 నుండి ఉన్న విధానమేమనగా, ఒక్కొక్కటి వెయ్యి రూపాయల వరకు 5 శాతం, ఆ పైన 12 శాతం. కొత్త విధానంలో 2,500 రూపాయల వరకు 5 శాతం, ఆ పైన 18 శాతం. చొక్కాలపై పాత పన్ను రూ. 2,160/-, కొత్త పన్ను రూ. 900/-. ఇక్కడ రూ. 1,260/- మిగులుతుంది. షేర్వానీపై పాత పన్ను రూ. 1,080/- కాగా కొత్తది రూ. 1,620/-. లెహంగాలపై రూ. 2,160/- కాస్తా రూ. 3,240/- అవుతుంది. ఈ రెండింటిలో కలిపి రూ. 1,620/- అదనపు భారం. చీరలపై అప్పుడూ ఇప్పుడూ రూ. 900/- మాత్రమే. అన్నీ వెంటనే కొంటే మొత్తం పన్ను రూ. 6,300/-. 22వ తేదీ దాకా ఆగి అన్నీ కొంటే రూ. 6,660/-. అనగా పన్ను తగ్గింపు కోసం ఎదురుచూసిన పుణ్యానికి మిత్రులు 360 రూపాయలు ఎక్కువ చెల్లించవలసి వస్తుంది! లెహంగాలు, షేర్వానీ ముందుగా, చొక్కాలు 22 తరువాత కొంటే పన్ను రూ. 5,040/-తో సరిపోతుంది.

చీరలపై మార్పు లేకపోవడం చాలామందిని ఆశ్చర్యపరిచింది. జి.ఎస్.టి. దృష్టిలో చీర దుస్తు కాదు, వస్త్రం. కుట్టుపని లేకుండా మగ్గం మీద నుండి వచ్చిన గుడ్డగానే దానిని పరిగణిస్తారు. అందుచేత 450 రూపాయల చీరకైనా, 45,000 రూపాయల చీరకైనా పన్ను 5 శాతమే. కుట్టని చుడీదారు గుడ్డలకు కూడా ఇదే సూత్రం. తానులోని గుడ్డను ముక్కలుగా కత్తిరించి పెట్టెలో పెట్టి అమ్మినంత మాత్రాన అది దుస్తు కాజాలదని 2017 అక్టోబరులోనే కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు స్పష్టపరచింది. కాబట్టి మూడువేల రూపాయల కుట్టిన చుడీదారుపై 18 శాతం పన్ను ఉండగా, అదే ధరకు కుట్టని గుడ్డ తీసుకుంటే 5 శాతమే. మన టౌన్‌షిప్ గేటు వద్ద కూర్చుండే దర్జీవంటి చిన్న వృత్తిదారుల సాలుసరి రాబడి 20 లక్షల రూపాయలు దాటదు. వారు పన్ను నమోదు పరిధిలోకే రారు. కొలతకు సరిపోయే కుట్టు అదనపు లాభం.

ఈ 2,500 రూపాయల గీత మీద మరొక్క మాట. సరిగ్గా 2,500 రూపాయల చొక్కా పన్నుతో రూ. 2,625/- అవుతుంది. ధర ఒక్క రూపాయి పెరిగి 2,501 అయితే మొత్తం మీద 18 శాతం పడి రూ. 2,951/- దాటుతుంది. ఒక్క రూపాయికి మూడువందల ఇరవయ్యారు రూపాయల దెబ్బ! ఇక పన్నులతో కలిపి రూ. 2,799/- అని చీటీ ఉన్నదనుకొందాము. 5 శాతం చొప్పున వెనక్కు లెక్కిస్తే అసలు ధర 2,500 దాటుతుంది గనుక 5 శాతం చెల్లదు. 18 శాతం చొప్పున లెక్కిస్తే అసలు ధర 2,372 మాత్రమే గనుక 18 శాతమూ చెల్లదు. 2,625కూ 2,951కూ నడుమ ఉన్న ఏ అంకెకైనా ఇదే గతి. శాసనకర్తలు ఈ చిక్కును గమనించారో లేదో గాని, అట్టి చీటీ కనబడితే బిల్లులో అసలు ధర, పన్ను విడివిడిగా వేయించుకొనుట మంచిది. బిల్లులో చూపిన రాయితీ పోగా మిగిలిన ధరపైనే పన్ను లెక్కించాలి. 2,900 రూపాయల చొక్కా రాయితీతో 2,400 రూపాయలకు వస్తే అది గీతకు దిగువనే ఉన్నట్లు.

లెక్క తేలింది గాని, పంచాంగం అడ్డుపడింది. సెప్టెంబరు 6న వినాయక నిమజ్జనం. సూరత్‌లో ఆ రోజు రోడ్లన్నీ ఊరేగింపులతో నిండి ఉంటాయి. 7వ తేదీ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. 8వ తేదీ నుండి మహాలయ పక్షం. "పెద్దల పక్షాలలో పెళ్ళి బట్టలా? మూడువేలు మిగిలినా వద్దు" అన్నారు మిత్రుల శ్రీమతి. నేను ఆ వాదంలోకి దిగలేదు. మిగిలింది 5వ తేదీ శుక్రవారం ఒక్కటే. మిత్రులు సగం రోజు సెలవు పెట్టారు. కాబోయే అల్లుడుగారు అంకలేశ్వర్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఫోను చేయగా మధ్యాహ్నానికి రైలు దిగారు. రాత్రి తొమ్మిది గంటలకు లెహంగాలు, షేర్వానీ పాత పన్నుతో ఇల్లు చేరాయి.

మన దేశంలో పన్ను సెలవు అనే మాట వినియోగదారుని గురించి పుట్టినది కాదు. తొంభయ్యవ దశకంలో మనబోటివారం ఆ మాటను పరిశ్రమల విషయంలోనే వినేవారము. కొత్త కర్మాగారం పెడితే ఇన్ని సంవత్సరాలు అమ్మకపు పన్ను లేదని రాష్ట్రాలు పోటీపడి ప్రకటించేవి. ఈ పోటీ వలన అన్ని ఖజానాలకూ గండి పడుతున్నదని గ్రహించి, 2000 జనవరి 1 నుండి అట్టి రాయితీలను నిలిపివేయాలని రాష్ట్రాలు అంగీకారానికి వచ్చాయి. బట్టల సంగతి వేరు. 1957లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. వస్త్రాలు, చక్కెర, పొగాకు మీద రాష్ట్రాలు అమ్మకపు పన్ను వదులుకొనగా, కేంద్రం దానికి బదులు అదనపు ఎక్సైజు సుంకం వసూలుచేసి రాష్ట్రాలకు పంచే ఏర్పాటు అది. ఆ విధంగా మన తల్లిదండ్రుల కాలం నుండి బట్టల బిల్లుపై అమ్మకపు పన్ను వరుస కనబడకుండానే రోజులు గడిచాయి. సుంకం మిల్లు గేటు దగ్గరనే ధరలో కలిసిపోయేది గనుక అది పూర్తి సెలవు కాదు. అయినా కొనేవాడి కంటికి సెలవే.

అమెరికాలోని సెలవు ఇంకొక రకం. డల్లాస్ ప్రాంతంలోని మన తెలుగు కుటుంబాలకు ఇది బాగా పరిచయం. 1997లో న్యూయార్క్ రాష్ట్రం ఒక వారంపాటు బట్టలపై అమ్మకపు పన్ను ఎత్తివేసి దారి చూపింది. టెక్సాస్‌లో 1999 నుండి ప్రతి ఆగస్టులో బడులు తెరిచే ముందు శుక్రవారం నుండి ఆదివారం వరకు ఈ సెలవు పాటిస్తున్నారు. అక్కడ రాష్ట్రానిదీ, నగరానిదీ కలిపి పన్ను 8.25 శాతం వరకు ఉంటుంది. ఆ మూడు రోజులూ వంద డాలర్ల లోపు దుస్తులకూ, పాదరక్షలకూ పన్ను లేదు. 99 డాలర్ల జోళ్ళకు సెలవు, సరిగ్గా వంద డాలర్లయితే మొత్తానికీ పన్ను. మన 2,500 గీతకు అది పెద్దన్న! అక్కడి పన్ను నిపుణులు పలువురు ఈ సెలవును మెచ్చుకొనరు. ప్రజలు కొత్తగా ఏమీ కొనరనీ, వచ్చే వారం కొనవలసినది ఈ వారం కొంటారనీ, దుకాణదారు రాయితీని కాస్త తగ్గించి పన్ను లాభంలో కొంత తానే దక్కించుకొనగలడనీ వారి వాదన. మలేషియాలో 2018 జూన్ నుండి ఆగస్టు వరకు జి.ఎస్.టి.ని 6 శాతం నుండి సున్నకు దించి, సెప్టెంబరులో వేరే పన్ను తెచ్చారు. అది మూడు నెలల సెలవు.

22వ తేదీ నాటి మన ఏర్పాటు మూడు రోజులదో మూడు నెలలదో కాదు, స్థిరమైన మార్పు. దానిని ప్రభుత్వం పొదుపు పండుగగా ప్రచారం చేయడంతో చాలామంది పండుగ వెళ్ళాక రేట్లు మళ్ళీ పెరుగుతాయేమోనని తొందరపడ్డారు. ఆ తొందర అనవసరం. మొదటి వారం రద్దీలో కొనడంవలన ఎవరికీ ఏమీ మిగలలేదు.

చీరల విషయానికి వస్తే, పన్నులో మార్పు లేదు గనుక మిగులు వేరేచోట వెదకవలసి వచ్చింది. సూరత్‌లో ఉండి చౌటా బజారులో చీరలు ఒక్కొక్కటిగా కొనుట చెరువు గట్టున కూర్చుండి కూజా నీళ్ళు కొనుటవంటిది. రింగ్ రోడ్డుమీద, సహారా దర్వాజా చుట్టుపక్కల, టోకు మార్కెట్లు వరుసగా ఉన్నాయి. అక్కడ ఒక్క చీర అమ్మరు. ఒకే డిజైనులో ఆరో ఎనిమిదో రంగులు కలిపి సెట్టుగా అమ్ముతారు. మన టౌన్‌షిప్‌లోని తెలుగు కుటుంబాలవారు ఏడెనిమిది మంది కలిసి దసరాకు సెట్లు తెచ్చుకొని పంచుకొనే అలవాటు చాలాకాలంగా ఉన్నది. మిత్రుల శ్రీమతి కూడా ఐదు సెట్లు తీసుకున్నారు. చిల్లర దుకాణంలో రూ. 650/- చెప్పిన రకమే అక్కడ రూ. 450/-కు వచ్చింది. నలభై చీరలకు మిగులు రూ. 8,000/-. పన్ను మీద మేము రెండు రోజులు కూర్చుండి మిగిల్చినది రూ. 1,620/- అని గుర్తు చేస్తే మా శ్రీమతి నవ్వింది.

టోకున కొనేవారు టేపు వెంట తీసుకొనిపోవాలి. చీర ఐదున్నర మీటర్లు, రవికె గుడ్డ 80 సెంటీమీటర్లు, వెరసి 6.30 మీటర్లు ఉండాలి. చౌకరకంలో 20 సెంటీమీటర్లు తగ్గించి కత్తిరించేవారు ఉన్నారు. అది 3 శాతం పైచిలుకు. ఐదు శాతం పన్నును గురించి గంటసేపు మాట్లాడే మనం ఈ మూడు శాతాన్ని కొలవము.

బిల్లు దగ్గర ఎప్పటి ప్రశ్నే ఎదురైంది. "పక్కా బిల్లా, కచ్చానా?" కచ్చా అయితే 900 రూపాయల పన్ను ఉండదని దుకాణంలోని అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. మిత్రులు నావైపు చూశారు. ఈ విషయంలో నేను నీతులు చెప్పే స్థితిలో లేను. చాలా ఏళ్ళ క్రితం మా చెల్లెలి గృహప్రవేశానికి పదహారు చీరలు చీటీ మీద రాయించుకొని కొన్నాను. అందులో ఒక సెట్టు మొదటి ఉతుకులోనే రంగు వదిలి మిగతా బట్టలను కూడా పాడుచేసింది. తిరిగి తీసుకొనిపోతే ఆ దుకాణంలోనివారు చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మాది కాదన్నారు. కాదనడానికి వారికి పూర్తి అవకాశం ఇచ్చినది నేనే. చెల్లెలు ఏమీ అనలేదు గాని, బావగారి అక్కగారికి వెళ్ళిన చీర ఆ సెట్టులోదే. ఆ సంగతి నేటికీ మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఈ కథ క్లుప్తంగా చెప్పాను. మిత్రులు పక్కా బిల్లు తీసుకున్నారు.

బిల్లు అడగడమే కాదు, చదవాలి కూడా. ఒకటిన్నర కోట్ల రూపాయల లోపు వ్యాపారమున్న చిన్న దుకాణాలు కాంపొజిషన్ పద్ధతిని ఎంచుకొనవచ్చు. వారు తమ అమ్మకాలపై ఒక శాతం పన్ను తామే కట్టుకొంటారు, కొనేవారి వద్ద విడిగా పన్ను వసూలు చేయరాదు. ఆ మాట దుకాణం బోర్డు మీద రాసి ఉండాలి. అట్టిచోట బిల్లు అడుగున జి.ఎస్.టి. అని ఒక వరుస కనబడితే అది చెల్లించనక్కరలేదు. తగ్గిన పన్ను మేరకు ధర తగ్గించని దుకాణంమీద ఫిర్యాదుకు 1915 అనే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు ఉన్నది. లాభాపేక్ష నిరోధక ఫిర్యాదులను విచారించే పాత ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 నుండి కొత్త దరఖాస్తులు తీసుకొనుట లేదు.

ఇంతకూ ఆ తగ్గింపు సూరత్‌కు ఏమి చేసినట్లు? ఈ ప్రశ్న నన్ను లింబాయత్ దాకా తీసుకొనిపోయింది. లింబాయత్, ఉధనా ప్రాంతాలలో వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుండి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. బతుకమ్మ పండుగకు అక్కడి వీధులు చూస్తే ఇది గుజరాత్ అని ఎవరూ అనుకోరు. అక్కడ నాకు చాలాకాలంగా తెలిసిన నేత కార్మికుడొకాయన ఉన్నారు. కొంతకాలం మరమగ్గాలు అద్దెకు తీసుకొని సొంతంగా నడిపి, తిరిగి కూలికి వచ్చినవారు. కొత్త పన్ను గురించి అడిగితే ఆయన చీర మాట ఎత్తలేదు. దారం మాట ఎత్తారు.

సూరత్ గుడ్డకు ముడిసరుకు పాలిస్టరు, నైలాను దారం. 2025 సెప్టెంబరు వరకు దారంపై 12 శాతం, గుడ్డపై 5 శాతం. వంద రూపాయల గుడ్డలో 60 రూపాయల దారం ఉన్నదనుకొందాము. నేతదారు దారం కొన్నప్పుడు రూ. 7.20 పన్ను కడతాడు. గుడ్డ అమ్మినప్పుడు అతనికి వచ్చేది రూ. 5/-. మిగిలిన రూ. 2.20 ప్రభుత్వం దగ్గర ఇరుక్కొని ఉంటుంది. 2018 ఆగస్టుకు ముందు గుడ్డ నేసేవారికి అది తిరిగి వచ్చే దారే లేదు. తరువాత వాపసు దారి తెరిచారు గాని, కాగితాలు పూర్తిచేసి తెచ్చుకొనే ఓపిక, గుమాస్తా, పెద్ద యజమానులకు ఉంటాయి. పన్నెండు మగ్గాలవాడికి ఉండవు. 22వ తేదీ నుండి కృత్రిమ నూలుపోగుపై 18 నుండి, దారంపై 12 నుండి, రెండింటిమీదా 5 శాతానికి దించారు. ఇప్పుడు అదే నేతదారు దారంపై రూ. 3/- కట్టి, గుడ్డపై రూ. 5/- వసూలు చేసి, రూ. 2/- జమచేస్తాడు. అతని డబ్బు ఎక్కడా ఇరుక్కోదు. పాలిస్టరుకు మూలమైన రసాయనాలపై 18 శాతం అట్లాగే ఉన్నది గనుక ఈ ఇరుకు పైకి, పెద్ద కర్మాగారాల దగ్గరకు జరిగిందే గాని పూర్తిగా పోలేదు. కాని పెద్దవారు భరించగలరు. నా దృష్టిలో 22వ తేదీ ప్రకటనలో సూరత్‌కు నిజమైన పండుగ ఈ వరుసే. మన బిల్లుమీద అది ఏనాడూ కనబడదు.

ఆయన 2017 జూలైని గుర్తు చేసుకున్నారు. అప్పుడే మొదటిసారి గుడ్డపై 5 శాతం పన్ను వచ్చింది. సూరత్ వ్యాపారులు మార్కెట్లు మూసి వీధుల్లోకి వచ్చారు. మార్కెట్లు మూసినందున గుడ్డ కదలక మగ్గాలు ఆగాయి. "మాకు మీటరుకింత అని కూలి సార్. మగ్గం ఆగితే కూలి ఆగినట్టే. ఐదు శాతం ఎవరు కడతారని వాళ్ళు కొట్లాడుకున్నరు. మాకు మాత్రం నూటికి నూరూ పోయింది" అన్నారు. మళ్ళీ 2022 జనవరి 1 నుండి గుడ్డపై 12 శాతం వేస్తారన్నప్పుడు ఊరికి పోదామని టికెట్టు కూడా తీసుకున్నారట. 2021 డిసెంబరు 31న మండలి సమావేశమై ఆ పెంపును వాయిదా వేయగా టికెట్టు రద్దు చేసుకున్నారు. ఇప్పుడు దారం పన్ను తగ్గింది గదా, కూలి పెరిగిందా అని అడిగాను. "పెరగలే. కాని సేఠ్ రెండు మగ్గాలు కొత్తగా ఎక్కించిండు" అన్నారు.

మిత్రులు అక్టోబరులో చీరల మూటలతో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. స్లీపరులో మనిషికి 40 కిలోల వరకు ఉచితం గనుక పార్సెలు ఖర్చు కూడా తప్పింది. నిర్ణయించినట్లే చొక్కాలన్నీ 22 తరువాత కొన్నారు. మొత్తం లెక్కను నేను కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన దానిని మా విభాగంలో పదిమందికి చూపించారు.

అందులో ఒక తప్పు ఉన్నదని బయటపెట్టినది కాబోయే అల్లుడుగారు. 5వ తేదీన షేర్వానీకి జతగా జోళ్ళు కూడా కొన్నాము, ధర రూ. 2,400/-. వెయ్యి దాటిన జోళ్ళపై అప్పుడు 18 శాతం, 22 తరువాత 2,500 వరకు 5 శాతం. పదిహేడు రోజులు ఆగితే 312 రూపాయలు మిగిలేవి. జాబితాలో జోళ్ళు లేవు గనుక నేను వాటి సంగతే చూడలేదు.